ఎంత ఇల్లు చాలును?

మానవునకు అన్నమెంత చాలునో కడుపు చెప్పును. బట్ట ఎంత చాలునో ఒడలు చెప్పును. ఇల్లెంత చాలునో చెప్పగల అవయవము శరీరమున లేదు. అందుచేతనే ఇంటి విషయమున కోరికకు హద్దు ఏర్పడుట కష్టము. నాలుగు గదులున్నవానికి అయిదవది అవసరముగా తోచును. అయిదవది కట్టిన పిమ్మట దానిలో ఏమి పెట్టవలెనన్న చింత మొదలగును. కావుననే పెద్దలు అన్ని దేశములందును అల్పసంతోషమును మెచ్చుకొనిరి. చిన్న ఇంటిని, పర్ణశాలను, కుటీరమును కొనియాడిరి. కాని ఆ మెప్పులోనే ఒక చిక్కు దాగియున్నది. చిన్న ఇంటిని మెచ్చుకొనువాడు ఎక్కడ నిలిచి మెచ్చుకొనుచున్నాడు? మేడమీద నిలిచియా, గుడిసె గడపలో నిలిచియా? మాట ఒక్కటే అయినను నిలిచిన చోటును బట్టి దాని అర్థము మారిపోవును. చిన్న ఇల్లు సుగుణమా, లేక లేమియా యన్న ప్రశ్న ఇక్కడ పుట్టుచున్నది.

ఈ ప్రశ్నకు ఇటీవలి కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక కొత్త రూపము వచ్చినది. అక్కడ 1973లో కొత్తగా కట్టిన ఇంటి సగటు వైశాల్యము సుమారు 1,660 చదరపు అడుగులు. 2015 నాటికి అది 2,600 చదరపు అడుగులు దాటినది. ఈ నలుబది ఏండ్లలో కుటుంబములు పెరుగలేదు సరికదా, ఒక్కొక్క ఇంట ఉండువారి సంఖ్య తగ్గినది. మనుషులు తగ్గుచుండగా గోడలు దూరముగా జరిగినవన్నమాట. దీనికి ఎదురుగా 1990ల చివర చిన్న ఇండ్ల ఉద్యమమొకటి తలయెత్తెను. ‘టైనీ హౌస్’ అని దానికి పేరు. సారా సుసాంకా అను వాస్తుశిల్పి అంత పెద్దవి కాని ఇండ్లను సమర్థించుచు 1998లో వ్రాసిన గ్రంథమును ఎందరో చదివిరి. ఇంచుమించు అదే కాలమున జే షేఫర్ అనునతడు నూరు చదరపు అడుగులకు మించని ఇంటిని బండిపై కట్టుకొని అందులో కాపురముండెను. 2008 నాటి ఆర్థిక సంక్షోభమున అప్పుచేసి కొన్న ఇండ్లు లక్షల సంఖ్యలో చేజారిన పిమ్మట ఈ యోచనకు ఆదరము పెరిగినది. 2018 నాటి గృహనిర్మాణ నియమావళికి చేర్చిన అనుబంధము, అటకను లెక్కింపక 400 చదరపు అడుగులకు మించని దానిని చిన్న ఇల్లుగా నిర్వచించెను.

ఈ ఇండ్లలో పెక్కింటికి చక్రములుండుట చూచి అది జంగమ తత్త్వమని మురియనక్కరలేదు. ఇంతకంటె చిన్న ఇల్లు కట్టరాదను నిబంధన అనేక పట్టణములలో ఉండుటచే, ఇల్లు అనిపించుకొనక బండి యనిపించుకొనుటకే ఆ చక్రములు. బండి కదలినంత మాత్రమున లోపలివాని మమకారము కదలదు.

ఈ ఉద్యమమువారు తమకు ఆదిపురుషునిగా చెప్పుకొనువాడు హెన్రీ డేవిడ్ థోరో. మసాచుసెట్స్ రాష్ట్రమున కాంకర్డ్ అను పల్లెకు మైలున్నర దూరమున వాల్డెన్ అను కొలను కలదు. 1845 జూలై 4వ తేదీన ఆయన ఆ కొలను గట్టున తాను కట్టుకొనిన గుడిసెలో ప్రవేశించి, 1847 సెప్టెంబరు 6వ తేదీ వరకు అందుండెను. దాని పొడవు 15 అడుగులు, వెడల్పు 10 అడుగులు. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. మేకులకెంత, సున్నమునకెంత, తలుపు గొళ్లెమునకెంత అని విడివిడిగా లెక్కవ్రాసి, 1854లో ప్రకటించిన ‘వాల్డెన్’ గ్రంథమున దానిని చేర్చెను. ఆ కాలమున కేంబ్రిడ్జి కళాశాలలో విద్యార్థి యుండు గదికి ఏడాది అద్దె 30 డాలర్లు. ఆ గదియు ఈ గుడిసె కంటె ఏమంత పెద్దది కాదు. ఒక ఏటి అద్దెకంటె తక్కువ సొమ్ముతో సొంత ఇల్లు సాధ్యమగునని ఆయన వాదము. లెక్క సరిగానే యున్నది.

ఆ లెక్కలో చేరనివి మరికొన్ని కలవు. చెట్లు నరికిన గొడ్డలి ఎరువు తెచ్చినది. నేల మిత్రుడైన ఎమర్సన్‌ది. ఇంటి చట్రము నిలబెట్టిన నాడు స్నేహితులు వచ్చి చేయివేసిరి. బట్టలుతుకుట, కుట్టుట చాలవరకు వెలుపలనే జరిగెను. ఉన్నవి మూడు కుర్చీలే యైనను, ఒక్కొక్కప్పుడు ఇరువదియైదు ముప్పది మంది ఆ కప్పు క్రింద చేరిరని ఆయనయే వ్రాసెను. కొందరు ఈ సంగతులు చెప్పి థోరోను ఎత్తిపొడుచుచుందురు. ఆయన ఏకాంతము బూటకమందురు. ఆ ఎత్తిపొడుపు అనవసరము. నూటయేబది చదరపు అడుగుల ఇల్లు నిలిచినదన్న, చుట్టును ఊరున్నది గనుక నిలిచినది. గొడ్డలి ఎరువిచ్చువాడు, దూలమెత్తువాడు, సాయంకాలము వచ్చి మాటలాడువాడు లేనిచో, అదే ఇల్లు మొదటి చలికాలముననే చెరసాల అయియుండును.

ముడి వేరొకచోట ఉన్నది. ఆ గుడిసెకు పలకలెక్కడివి? సమీపమున ఫిచ్‌బర్గ్ రైలుదారి పనిలో జేమ్స్ కాలిన్స్ అను ఐర్లండు దేశపు కూలి యొకడు భార్యాబిడ్డలతో చిన్న పాకలో ఉండెడివాడు. పలకల కొరకు థోరో ఆ పాకను 4 డాలర్ల 25 సెంట్లకు కొనెను. ఆ రాత్రియే డబ్బిచ్చుట, మరునాటి ఉదయము అయిదు గంటలకు వారు ఖాళీచేయుట, ఆరు గంటలకు తాను స్వాధీనపరచుకొనుట ఒప్పందము. ఉదయమున ఆ కుటుంబము దారిలో ఆయనకు ఎదురయ్యెను. పడక, కాఫీగింజల తిరుగలి, అద్దము, కోళ్లు, సర్వమును ఒకే పెద్ద మూటలో ఇమిడినది. పిల్లి మాత్రము వారివెంట పోలేదు, అడవి పాలయ్యెను. థోరో ఆ ఉదయమే మేకులు పెరికి, పాకను విప్పి, పలకలను చిన్న చిన్న బండ్లతో కొలను గట్టునకు చేర్చి, వంకరలు తీరుటకు గడ్డిపై ఎండలో పరచెను.

ఇందులో దౌర్జన్యమేదియు లేదు. అమ్మినవాడు ఇష్టపడి అమ్మెను, కొన్నవాడు అడిగిన ధర చెల్లించెను. దాచక వ్రాసెను కూడ. అయినను లోకము చిన్న ఇంటి వైభవమును వర్ణించునప్పుడు తలచునది కొలను గట్టున లేచిన గుడిసెను గాని, దాని కొరకు విప్పబడిన పాకను కాదు. రెండును చిన్న ఇండ్లే. రెండింటి పలకలును ఒక్కటే. ఒక దానిలో ఉన్నవాడు విసుగు పుట్టిన నాడు తండ్రి ఇంటికి పోగలడు. రెండవదానిలో ఉన్నవాడు రైలుదారి పని ఎటు సాగిన అటు మూటతో నడువవలెను. ఉపవాసమున్నవాని కడుపును ఆకలిగొన్నవాని కడుపును ఒకే తీరున ఖాళీగా ఉండును. వారిరువురిని ఒకే పంక్తిన నిలిపి నిగ్రహమును గూర్చి ఉపన్యసించుట న్యాయమా? కలిగియుండి వదలుకొనిన దానికి త్యాగమని పేరు. ఎన్నడును అందని దానికి ఆ పేరు పెట్టుట, పేదవానిని మెచ్చుకొను నెపమున అతని నోరు మూయుటయే.

ఇష్టపడి ఎంచుకొనిన చిన్నతనమునకు కూడ తనదైన ఆపద యొకటి కలదు. థోరోకు ఆరు వందల ఏండ్లకు పూర్వము జపాను దేశమున కామొ నో చోమెయి అను కవి యుండెను. బసవేశ్వరుడు కల్యాణమున ప్రసిద్ధుడైయున్న రోజులలో, 1155 ప్రాంతమున, దేవాలయ అర్చకుల వంశమున జన్మించినవాడు. రాజధానియైన క్యోటో నగరమును 1177లో అగ్ని దహించుట, 1180లో సుడిగాలి కూల్చుట, తరువాత రెండేండ్లు కరవు పీడించుట, 1185లో భూమి కంపించుట ఆయన కన్నులార చూచెను. మహాభవనములు బూడిదయగుట చూచిన కవి, ముప్పది ఏండ్లు దాటిన వయస్సున పూర్వపు ఇంటిలో పదవవంతు ఇల్లు కట్టుకొనెను. అరువదవ ఏట అందులో నూరవవంతునకు దిగెను. హినో కొండలలోని ఆ కుటీరము పదియడుగుల చదరము, ఎత్తు ఏడడుగులు కూడ లేదు. కీళ్లకు లోహపు కొక్కెములు. విప్పిన రెండు బండ్లకు సరిపోవును. 1212లో ఆ కుటీరమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథము నేటికిని జపానులో పిల్లలు చదువుకొందురు. అందు అన్నింటికంటె విలువైనది చివరి భాగము. ఇంత చెప్పిన పిమ్మట ఆయన తన్ను తానే నిలదీసికొనెను: ఈ కుటీరముపై తనకు గల ప్రేమ కూడ మమకారమే కదా, దీని ప్రశాంతతకు అంటిపెట్టుకొనుటయు బంధమే కదా యని. సమాధానము రాలేదు. ఆయన దాచలేదు.

పెద్ద ఇంటివాని గర్వమును ఊరంతయు గుర్తించును. చిన్న ఇంటివాని గర్వమును గుర్తించుట అతనికే చేతకాదు. ‘నాకు ఇంతే చాలును’ అన్న మాటలో ‘చాలును’ కంటె ‘నాకు’ బరువెక్కినప్పుడు, పదియడుగుల కుటీరము కూడ కోటయగును.

ఇక ఇష్టముతో నిమిత్తము లేని చిన్న ఇండ్ల మాట. భారతదేశమున 2016లో ప్రారంభమైన గ్రామీణ ఆవాస పథకమున ఇంటికి ఉండవలసిన కనీస వైశాల్యము వంటచోటుతో సహా 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 270 చదరపు అడుగులు. అమెరికాలో చిన్న ఇల్లనిపించుకొనుటకు పై హద్దు 400. ఇక్కడ పేదవాని పక్కా ఇంటికి క్రింది హద్దు 270. అక్కడ అందుండునది ఒకరో ఇద్దరో. ఇక్కడ తల్లిదండ్రులు, కొడుకు కోడలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు. తెలంగాణ ప్రభుత్వము 2015లో పేదలకు రెండు పడకగదుల ఇండ్ల పథకమును ఆరంభించి 560 చదరపు అడుగులు నిర్ణయించినప్పుడు, పేదవానికి రెండు గదులెందులకని పెదవి విరచినవారు లేకపోలేదు. వారిలో ఎందరికి రెండు గదులతో సరిపోవుచున్నదో విచారింపవలసియున్నది. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో పంచిన స్థలములు పల్లెలలో సెంటున్నర, పట్టణములలో సెంటు. సెంటున్నర యనగా డెబ్బదిరెండు గజములకు కొంచెము పైన.

ఒంటిగది ఇంటిలో వంట జరుగును, నిద్ర జరుగును. దినదినము జరుగు పనులకు ఆ గది ఎట్లో సర్దుకొనును. ఎప్పుడో జరుగు పనులకే అది చాలదు. మనిషి బ్రదుకులో ముఖ్యమైనవన్నియు ఎప్పుడో జరుగునవే. పురిటికి వచ్చిన కూతురు పసిబిడ్డతో ఒక మూల చేరిన నాడు మగవారు అరుగు మీదికి పోవలెను. కొడుకునకు పెండ్లియైన కొత్తలో ముసలి తల్లిదండ్రులు ఏ పక్కింటివారి చూరు క్రిందనో పడుకొందురు. వేసవిలో అది ఆరుబయటి నిద్ర, వానకాలమున అది వేరు మాట. క్షయ తగిలినవాడు దగ్గుచుండగా అదే గాలిని పిల్లలు పీల్తురు. పరీక్షలకు చదువు పిల్ల వీధిదీపము క్రిందికి పోవును. ఆడపిల్లకు చీర మార్చుకొనుట ఒక ఉపాయముతో కూడిన పని. తెల్లవారుజామున ముసలాయన కన్నుమూసిన యెడల, బంధువులు వచ్చువరకు దేహమును ఉంచుటకు గదిలో చోటు చాలదు. కొట్టము వైపు మంచము వేసి, పైన దుప్పటి కట్టి నీడ చేయుదురు. అతిథి మాట చెప్పనక్కరలేదు. పేదవాడు అతిథికి అన్నము పెట్టలేక సిగ్గుపడడు, పక్క వేయలేక సిగ్గుపడును.

అయినను ఇట్టి ఇండ్లలో తరతరములు జీవించిరి. జీవించుటయే కాదు, కొంత సంతోషముగనే జీవించిరి. ఎట్లు? కోస్తా ఆంధ్రమున, ముఖ్యముగా ఉత్తర తీరపు పల్లెలలో, చుట్టిల్లు అను గుండ్రని మట్టి ఇల్లు ఉండెడిది. అక్కడక్కడ ఇప్పటికిని కలదు. తాటాకు కప్పు దాదాపు నేలను తాకునట్లు క్రిందికి దిగియుండును. మూలలు లేనందున తుపాను గాలి దానిని పట్టుకొనలేక చుట్టును జారిపోవును. లోపల చీకటి, చల్లదనము. వంగి లోనికి పోవలెను. ఆ ఇల్లు సామానునకు, పొయ్యికి, వానకు, నిద్రకు. మిగిలిన బ్రదుకంతయు వెలుపల. దంపుడు, చెరుగుడు, వల అల్లుట, తల దువ్వుట, తగవు, పాట, అన్నియు వాకిట. వాకిలి చాలని పనికి కళ్లము, కళ్లము చాలని పనికి చెరువు గట్టు, అందరికి సంబంధించిన మాటకు రచ్చబండ. లోపల పది అడుగులుండిన, వెలుపల పది ఎకరములు ఉమ్మడిగా ఉండెను. చిన్న ఇంటి రహస్యము దాని గోడలలో లేదు, గోడల కావల నున్నది.

ఇక్కడ ఆగి పాత పల్లెను పొగడుట సులభము. చాలమంది అక్కడనే ఆగుదురు. కాని ఆ రచ్చబండ మీద ఎవరు కూర్చుండగలిగిరి? ఆ బావిలో చేద ఎవరు వేయగలిగిరి? ఊరికి అందరికంటె చిన్న ఇండ్లు గలవారు మాలపల్లె, మాదిగపల్లెలలో నుండిరి. ఊరి ఉమ్మడిలో వారికి భాగము లేదు. ఇల్లు ఇరుకై, వీధి కూడ మూసికొనిపోయినవాడు ఎటు పోవలెను? అస్పృశ్యతను 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము నిషేధించినది. చేద విషయమున, హోటలులో గ్లాసు విషయమున ఆ నిషేధము పల్లెను చేరుటకు పట్టిన కాలము ఎవరికి తెలియనిది? ఉమ్మడి యన్న మాటకు కంచె యున్నంతవరకు చిన్న ఇంటిని కీర్తించుట సగము అబద్ధము. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున మధువరసు కుమార్తెను హరళయ్య కుమారునికిచ్చి వివాహము జరిపిన నాడు లేచిన అలజడి ఈ కంచెను గూర్చినదే. కావున వీరశైవ కుటుంబములకును మఠములకును ఈ ప్రశ్న కొత్తది కాదు. మఠమన్నది పలువురి చిన్న ఇండ్లకు ఉమ్మడి పెద్ద గది. ఆ గది తలుపు ఎవరికి ఎంతవరకు తెరచియున్నదో ఏ మఠమునకా మఠము చూచుకొనవలసిన విషయము.

చిన్న ఇండ్లను విడిగా గాక ఊరుగా కట్టిన ప్రయత్నములలో చెప్పుకొనదగినది టెక్సస్ రాష్ట్రములో కలదు. ఆస్టిన్ నగరమున వీధులలో బండ్లపై అన్నము పంచుచుండిన ఒక క్రైస్తవ సేవాసంస్థ, ఆలన్ గ్రాహం అనునతని నాయకత్వమున, ఏండ్ల తరబడి నిలువ నీడ లేక తిరుగువారికి ఇండ్లు కట్టదలచెను. నగరములో స్థలమునకై యత్నించినప్పుడు చుట్టుప్రక్కలవారు ఒప్పుకొనలేదు. చివరకు నగరపు హద్దులు దాటి, ఇంత ఇల్లు అంత ఇల్లు అన్న నిబంధనల పట్టు లేని గ్రామీణ ప్రదేశమున స్థలము దొరకెను. 2015లో నివాసులు రాసాగిరి. మొదటి రెండు దశలు కలిసి 51 ఎకరములు. దానికి ‘కమ్యూనిటీ ఫస్ట్ విలేజ్’ అని పేరు. ముందు సమాజము, తరువాతనే ఇల్లు అని దాని భావము.

అందలి అతిచిన్న ఇండ్లు రెండు వందల చదరపు అడుగులకు అటునిటుగా ఉండును. లోపల మంచము, బల్ల, దీపము. నీటి కుళాయి లేదు, వంటగది లేదు, స్నానపు గది లేదు. అవి కొన్ని కొన్ని ఇండ్లకు ఉమ్మడిగా వెలుపల కలవు. ఇంటికి ముందు వసారా. ఈ వసారా సంగతి తెలుగువారికి వివరింపనక్కరలేదు. తలుపు మూసి లోపల నుండదలచినవాడు లోపల, మనిషి ముఖము చూడదలచినవాడు వసారాలో. ఇల్లు ఊరక ఇవ్వరు, అద్దె చెల్లింపవలెను. చెల్లించుటకు పని కావలెను గనుక తోటపని, కోళ్ల పెంపకము, వడ్రంగము, కమ్మరము, చిత్రలేఖనము మొదలైనవి అక్కడనే ఏర్పరచిరి. దానమునకు అలవాటుపడిన చేతికి సంపాదన దొరకినప్పుడు ముఖమున కలుగు మార్పును కాయకమను మాట తెలిసినవారు ఊహింపగలరు. వీధులనుండి వచ్చినవారే గాక, సొంత ఇండ్లు వదలుకొని వచ్చి వారి నడుమ కాపురమున్న కుటుంబములును కొన్ని కలవు. కాలిన్స్ పాకయు థోరో గుడిసెయు ఒకే వీధిలో ఎదురెదురుగా నిలిచినట్లు! అక్కడ మరణించినవారిని స్మరించుటకు ఆ ఊరిలోనే ఒక చోటు కలదు. ఊరు పేరు లేక పేవుమెంటుపై పోవలసిన మనిషి, తన పేరెరిగినవారి నడుమ పోవుచున్నాడు.

లోపములు లేవని కాదు. నడిరాత్రి మోకాళ్ల నొప్పులతో వానలో మరుగుదొడ్డికి నడచు ముసలివానికి ఉమ్మడి జీవనము తత్త్వముగా తోచదు. పలువురికి ఒక వంటగది యున్నచోట కడుగని గిన్నెను గూర్చి తగవు తప్పదు. తోడికోడండ్ర ఇంట పెరిగినవారికి ఇది తెలిసినదే. అన్నిటికంటె పెద్ద లోపము ఆ ఊరిది కాదు, నగరముది. తన వీధిలో చోటీయక ఊరి వెలుపలికి పంపిన పిమ్మట, అక్కడ అందమైన ఊరు వెలసినదని నగరము సంతసించుట, ఊరవతల వాడలను ఏర్పరచిన పాత పల్లెకు పోలికయే కదా. అయినను ఒక సంగతి మాత్రము ఆ ఊరు నిరూపించినది. చిన్న ఇంటిలో తగ్గించిన ప్రతి అడుగును ఎక్కడనో ఉమ్మడిలో కలిపి తిరిగి ఇచ్చినప్పుడే తగ్గించినవాడు నష్టపోడు. తగ్గించి ఊరకున్నచో అది పొదుపు. ఎవరికి పొదుపన్నది వేరు ప్రశ్న.

శివశరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చును. కల్యాణమున రాలిన బియ్యము ఏరుకొని వచ్చి, ఆ గింజలతోనే జంగములకు దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన మామూలు కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. సంతసింపవలసిన ఇల్లాలు అడ్డుచెప్పి, అవసరమునకు మించినది ఎక్కడినుండి తెచ్చెనో అక్కడనే పోసి రమ్మని పంపెను. ఈ కథను సాధారణముగా పేదవారి సంతృప్తికి దృష్టాంతముగా చెప్పుదురు. జాగ్రత్తగా చూచిన, లక్కమ్మ తక్కువ బియ్యమును మెచ్చుకొనలేదు. ఎక్కువైన బియ్యమును తిరిగి పంపినది. తక్కువైన నాడు ఆమె మరొకరికి ఉపదేశము చేసినట్లు కథలో లేదు. మిగులును గూర్చియే ఆమె నిష్ఠ.

ఇంటి విషయమున ఆ మిగులు ఎక్కడ ఉన్నది? తెలుగు పల్లెలలో ఇప్పుడు మండువా లోగిళ్లు ఎన్నో తాళముతో నున్నవి. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో స్థిరపడిరి. ఎనిమిది గదుల ఇంటిలో ఒక్క ముసలి తల్లి వంటింటి ప్రక్క గదిలో పడుకొనును. మిగిలిన ఏడింటిని నెలకొకసారి ఊడ్పించును. ఇంకొక చోట, సంక్రాంతికి నాలుగు దినములు వచ్చుట కొరకు లక్షలు వెచ్చించి కట్టిన మేడ సంవత్సరములో మూడు వందల అరువది దినములు మూసియుండును. దాని ప్రహరీకి ఆనుకొని ఒంటిగది కాపురము. ఆ కాపురమున పురుడు వచ్చును, పెండ్లి వచ్చును, చావు వచ్చును. తాళపుచెవి ఏ ఇంటనో మేకుకు వ్రేలాడుచునే యుండును. చట్టప్రకారము ఇందులో తప్పు లేదు. మేడవాడు దొంగిలించి కట్టలేదు, కష్టించి కట్టెను. ఆ ముసలి తల్లికిని ఇది సుఖము కాదు. రాత్రి ఒంట్లో బాగులేకున్నచో పిలుచుటకు మనిషి లేడు. కొన్నిచోట్ల అట్టి ఇంటి ముందరి గదిని బడిపిల్లల చదువుకో, పురిటివారికో, ఊరికి వచ్చిన వైద్యునికో వదలినవారు కలరు. ఇల్లు పాడగునని భయపడి మూసియుంచినవారి ఇండ్ల కప్పులు ముందుగా కూలినవన్నది పల్లెలలో అందరును చూచుచున్న సంగతియే.

ఇంటి ముందరి అరుగు గతి వేరొక విధముగా మారినది. వెనుకటి ఇండ్లలో అరుగు ఇంటివానిదే అయినను, దానిపై కూర్చుండుటకు బాటసారి అనుమతి అడుగనవసరము లేకుండెను. ఎండకు ఆగినవాడు దానిపై మూట దింపి మంచినీళ్లడిగెడివాడు. ఇప్పుడు పెద్ద ఇండ్లలో అరుగులను ఇనుప కటకటాలతో బిగించి లోపలికి కలుపుకొనుచున్నారు. రహదారి వెడల్పు చేసిన చోట్ల అవి రోడ్డులో కలిసినవి. కొత్తగా వెలసిన కాలనీల ఇండ్ల నమూనాలలో గది కలదు, వంటచోటు కలదు, మరుగుదొడ్డి కలదు. అరుగునకు అడుగులు మిగులలేదు.

కాని ఆ కాలనీలలో కొంతకాలము పిమ్మట చూచిన ఒక విశేషము కనబడును. గృహప్రవేశమై, బిల్లులు చెల్లి, కొలతలు తీయువారు వెళ్లిపోయిన తరువాత, ఇంటివారు రెండు ప్రక్కల నాలుగేసి ఇటుకలు పేర్చి పైన ఒక కడప బండ వేయుదురు. అది గడపకు ఎదురుగా, సగము తమ స్థలమున సగము వీధిలో నుండును. సాయంకాలము దానిపై ఎదుటి ఇంటి ముసలమ్మ వచ్చి కూర్చుండి చింతపండు గింజలు తీయును; ఇంటి కోడలు గడపలో నిలిచి మాటలాడుచుండును.